లాటిన్ పేరు లోపల మన కారల్లం

ఈసారి రాత కూడా కొంచెం పొడుగే. ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం హోసూరు దగ్గర మా ఊరి గుట్ట మీదికి ఇంటి పిల్లల్ని తీసుకుపోయినాను. బండల సందులో, ముళ్లపొద నీడలో ఆకులే లేని మొక్క ఒకటి కనపడింది. నాలుగు పలకల పచ్చని కాడలు, కొసకు పోయేకొద్దీ సన్నబడి, అక్కడక్కడ చిన్న ముదురు రంగు పూలు. మా తమ్ముని కూతురు ఫోనుతో ఫొటో తీస్తే 'కారల్లుమా అడ్‌సెండెన్స్' అని లాటిన్ పేరు వచ్చింది. మేకలు కాసే పెద్దాయన తమిళంలో 'కల్లిముళయాన్' అన్నాడు. "పెదనాన్నా, మన తెలుగులో దీనికి పేరు లేదా?" అని పాప అడిగింది. నాకు నోట మాట రాలేదు. మా అవ్వకు తెలిసే ఉంటుంది. ఆమెను నేను ఏనాడూ అడగలేదు.

ఇంటికొచ్చి పాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది: ఫోను చూపించిన ఆ లాటిన్ పేరులోనే మన తెలుగు పేరు ఉంది.

స్కాట్లండు నుంచి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ కంపెనీ వైద్యుడు. 1781లో ఆయన్ని సామర్లకోటకు పంపినారు. అక్కడ తోట వేసి, చుట్టుపక్కల చెట్టూ చేమా సేకరించి, మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు గీయించినాడు. 1787 ఉప్పెనలో సేకరించిందంతా పోగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టినాడు. ఆ ఉప్పెన వచ్చిన కోరింగ మన యానాం సభ్యులకు పక్క ఊరే. 1793లో కలకత్తా తోటకు మారినాడు. సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వచ్చింది. మొత్తం 300 చిత్రపటాలు.

ఆయన అలవాటు ఒకటి మనకు మేలు చేసింది. లాటిన్ పేరు పక్కన, ఊరివాళ్లు చెప్పిన తెలుగు పేరును 'తెలింగ' పేరని రాసిపెట్టేవాడు. మా గుట్ట మీది మొక్క మొదటి సంపుటంలోనే ఉంది. అప్పుడు దానికి పెట్టిన పేరు స్టాపీలియా అడ్‌సెండెన్స్. తెలుగు పేరు 'కార్-అల్లం'. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త దాన్ని వేరే ప్రజాతిగా విడదీసి, ఆ తెలుగు మాటనే తీసుకుని 'కారల్లుమా' అని పెట్టినాడు. ఇది అరబ్బీ మాట నుంచి వచ్చిందని కొన్ని పుస్తకాల్లో ఉంది. కానీ బ్రౌన్ పేరు మార్చింది రాక్స్‌బర్గ్ వర్ణించిన మొక్కకే, ఆ వర్ణన పక్కనే తెలుగు పేరు అచ్చై ఉంది. ఇంక అరబ్బీ దాకా పోవలసిన పనేముంది? కారడవి, కారెనుములోని 'కారు' లాగా ఇది అడవి అల్లమేమో అని నా ఊహ. ఊహ మాత్రమే.

ఇదొక్కటే కాదు. జ్వరానికి బెరడు వాడే సోమిద మాను లాటిన్‌లో 'సోయ్‌మిడా' అయింది. చండ్ర చెట్టు పేరు 'సుండ్రా'గా మిగిలింది. ఆ పేర్లు చెప్పిన రైతుల, కాపరుల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు.

ఇక గుట్టకు పోయేవాళ్లకు ఒక మాట. లేత కారల్లం కాడల్ని మెట్ట ప్రాంతాల్లో పచ్చిగానూ, పచ్చడి చేసుకునీ తింటారు. కానీ అదే చోట నల్లేరు కూడా పెరుగుతుంది. దానికీ నాలుగు పలకలే. నల్లేరుకు కణుపులు, నులితీగలు ఉంటాయి, పొదల మీద పాకుతుంది, పచ్చిది కొరికితే నోరు దురద. బొమ్మజెముడుకూ పలకలుంటాయి, కానీ ముళ్లుంటాయి, గిల్లితే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. కారల్లానికి ముళ్లు లేవు, తెల్లని పాలు రావు, కాయలు జంట కొమ్ముల్లా ఉంటాయి. అయినా ఫోను చెప్పిందని ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. తెలిసిన పెద్దల్ని అడిగి, ఈ గుర్తులన్నీ చూసుకున్న తర్వాతే.

మనం బడిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో నేర్చుకున్నాం. ఇంట్లో వంట, వావివరుసలు తెలుగులో నిలిచినాయి. గుట్ట మీది మొక్కల పేర్లే ముందు జారిపోతున్నాయి, ఎందుకంటే గుట్టకు పోవడమే మానేసినాం. రాక్స్‌బర్గ్ అడిగినప్పుడు చెప్పడానికి ఊరినిండా మనుషులు ఉండినారు. ఇప్పుడు మన ఇండ్లలో అట్లాంటివాళ్లు ఒకరో ఇద్దరో.

అందుకే ఒక మనవి. ఈ వారం మీ ఇంటి పెద్దల్ని పెరట్లోకి పిలుచుకుపోండి. ఐదు మొక్కల పేర్లు అడిగి, ఊరి పేరుతో సహా రాసి నాకు పంపండి. స్థానిక భాషలో పేరు కూడా పక్కనే రాయండి. సంఘం తరఫున ఒక పుస్తకంగా కూరుద్దాం. ఈసారి చెప్పినవాళ్ల పేర్లు కూడా అందులో ఉండాలి.

పాపకు ఫోను చేసి పేరు చెప్పినాను. "కారల్లం" అని రెండుసార్లు పలికి, నోటుబుక్కులో రాసుకుంది.