ఆత్రిలాల్: బిజాయా బర్బరులు దాచుకున్న మందు

ఇస్లామీయ వైద్యచరిత్ర అనగానే బగ్దాదు, దమస్కు నగరాల ఆసుపత్రులు, ఇబ్నె సీనా రచించిన ‘ఖానూన్’, రాజీ గ్రంథాలు గుర్తుకు వస్తాయి. అది సహజమే. కాని తిబ్బు గ్రంథాలకెక్కిన మూలికలలో అనేకం అంతకు ముందే పల్లెజనుల చేతులలో పరీక్షకు నిలిచినవి. ఈ సంగతిని గ్రంథకర్తలందరూ చెప్పలేదు. చెప్పినవారిలో ముఖ్యుడు అందలూసియాకు చెందిన ఇబ్నుల్ బైతార్.

ఆయన మాలఖా ప్రాంతంలో క్రీ.శ. 1197 ప్రాంతాన జన్మించాడు. ఇష్బీలియాలో అబుల్ అబ్బాస్ అన్నబాతీ దగ్గర వృక్షశాస్త్రం నేర్చి, 1220 ప్రాంతంలో స్వదేశం విడిచి ఉత్తర ఆఫ్రికా తీరం వెంట తూర్పుకు బయలుదేరాడు. ఈజిప్టు సుల్తాను అల్ మలికుల్ కామిల్ ఆయనను మూలికావేత్తలందరికీ పెద్దగా నియమించాడు. దమస్కులో శిష్యుడు ఇబ్నె అబీ ఉసైబియాను వెంటబెట్టుకొని పొలాల్లో మొక్కలను చూపిస్తూ తిరిగేవాడు. హి.శ. 646లో (1248) ఆ నగరంలోనే మరణించాడు. సుమారు 1400 ఔషధాలను వర్ణించిన ఆయన ‘జామి’ గ్రంథంలో, అలిఫ్ అక్షరం కింద తొలి పుటలలోనే ఆత్రిలాల్ అనే మొక్క కనిపిస్తుంది.

ఆ పేరు అరబ్బీ కాదు, యూనానీ కాదు. బర్బరు భాషలో పక్షికాలు అని దానికి అర్థం. గ్రంథకర్త ఆ పేరును మార్చలేదు. మొక్క సోయికూరను పోలి ఉంటుందనీ, సోయికూర పువ్వు పసుపు కాగా దీని పువ్వు తెలుపనీ, చిన్న గింజలు కారంగా, కొంచెం చేదుగా ఉంటాయనీ వర్ణించాడు. మన వాము, జీలకర్రల కుటుంబానికి చెందిన మొక్క ఇది. గింజలను ఒంటిగా గాని, నాలుగో వంతు అక్కలకర్ర కలిపి తేనెతో గాని తినిపించేవారు. తరువాత రోగి తెల్లమచ్చలున్న చోట బట్ట తొలగించి, తీవ్రమైన ఎండలో గంటా రెండు గంటలు చెమట పట్టేవరకు ఉండాలి. మచ్చలపై బొబ్బలు లేచి, పగిలి, మానేటప్పుడు చర్మం సహజమైన రంగుకు తిరిగేది. కండ ఉన్న చోట మచ్చలు త్వరగా లొంగుతాయని కూడా ఆయన గమనించాడు.

ఈ చికిత్స ఎవరిది? బిజాయా (నేటి అల్జీరియాలోని రేవుపట్టణం) పరిసరాల బర్బరులలో బనూ వజ్‌హాన్ తెగవారిలో బనూ అబీ షుఐబ్ అనే శాఖవారిదని ఇబ్నుల్ బైతార్ స్పష్టంగా రాశాడు. జనం వెతుక్కుంటూ వారి వద్దకు వెళ్లేవారట. వారు మాత్రం మందును బయటపెట్టక తరం నుండి తరానికి తమలోనే అందించుకునేవారట. చివరకు అల్లాహ్ దానిని ఎవరికో వెల్లడి చేయగా, ఆ మనిషి ఇతరులకు నేర్పడంతో అది వ్యాపించింది.

ఆ తెగవారిని పిసినారులనడం తేలిక. కాని వారి జీవనం ఆ గింజతో ముడిపడి ఉండవచ్చు. పైగా ఆ రోగం సామాన్యమైనది కాదు. అరబ్బీలో దానిని బరస్ అంటారు. నాటి వైద్యులు ఈ పేరుతో పిలిచినదంతా నేటి బొల్లి కాకపోవచ్చు గాని, చాలావరకు అదే. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) నయం చేసిన రోగాలలో ఇది కూడా ఒకటని పవిత్ర ఖుర్ఆన్ రెండు చోట్ల (3:49, 5:110) చెప్పింది. మగ్రిబ్‌లో ఆచరణలో ఉన్న మాలికీ ఫిఖ్‌హ్ ప్రకారం వధూవరులలో ఒకరికి బరస్ ఉంటే రెండవవారికి నికాహ్‌ను రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. ఇమామ్ అబూ హనీఫా దీనికి ఒప్పుకోలేదు. కనుక బిజాయాలో ఒక తెల్లమచ్చ ఒక సంసారాన్నే ప్రశ్నలో పడవేయగలిగేది. ఇక మన పల్లెల్లో బొల్లిని కుష్ఠుగా పొరబడి ఎందరు ఆడపిల్లల సంబంధాలు తప్పిపోయాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. మొక్క రహస్యమైనది కాదు. ఈజిప్టులో దానిని కాకికాలు అని పిలిచేవారు, అక్కడ అది పొలాల కలుపు. దాని మహిమ మాత్రం పేరుపొందింది మగ్రిబ్‌లోని ఒక తెగ వల్ల. అంటే దాచినది గింజను కాదు, గింజకు ఎండను జతచేసే విధానాన్ని. లోపలికి మందు తిన్నవాణ్ణి ఎండలో నిలబెట్టాలని ఏ గ్రంథం వారికి చెప్పింది? పశువులను, మనుషులను, కాలాలను కనిపెట్టి చూచినవారికే అది తట్టి ఉండాలి.

ఏడు శతాబ్దాల తరువాత, 1940ల చివరలో, ఈజిప్టు శాస్త్రజ్ఞులు ఫహ్మీ, అబూ షాదీ ఈ గింజల నుండి స్ఫటిక పదార్థాలను వేరుచేశారు. వాటితో కైరో వైద్యుడు అబ్దుల్ మున్ఇమ్ అల్ ముఫ్తీ బొల్లి రోగులకు చికిత్స చేశాడు. ఈ పదార్థాలు సోరాలిన్‌ల కోవకు చెందినవి. అవి చర్మంలోకి చేరి సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడే పనిచేస్తాయి. 1974లో అమెరికా వైద్యులు ఇదే సూత్రాన్ని దీపాలతో సోరియాసిస్‌కు ప్రయోగించారు. మోతాదు మించితే తీవ్రంగా కాలుతుందనీ, దీర్ఘకాలం వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందనీ కూడా తేలింది. సొంతవైద్యానికి పనికివచ్చే గింజ కాదిది.

సోరాలిన్ అనే పేరు మాత్రం మన దేశపు మొక్క నుండి వచ్చింది. తెలుగువారు బావంచాలనీ, హకీములు బాబ్చీ అనీ పిలిచే నల్లటి గింజలు దానివే. భారతీయ శాస్త్రజ్ఞులు 1933లో వాటి నుండి ఆ పదార్థాన్ని తీశారు. బావంచాలను బొల్లికి వాడి ఎండలో ఉంచడం మన వైద్యులు ఎప్పటినుంచో ఎరిగినదే. ఒకరినొకరు ఎరుగని రెండు దేశాల జనం, రెండు వేర్వేరు కుటుంబాల మొక్కలలో ఒకే గుణాన్ని, ఒకే తోడును కనుగొన్నారు. హైదరాబాదులోని యూనానీ పరిశోధన సంస్థ బరస్ చికిత్సకు పేరుపొందింది. అక్కడి వైద్యానికి ఆధారమైన తిబ్బులో బావంచాలతో పాటు ఆత్రిలాల్ కూడా అదే బర్బరు పేరుతో నేటికీ కొనసాగుతున్నది.

రహస్యాన్ని దాచిన తెగ పేరు ‘జామి’లో నిలిచింది. దానిని లోకానికి అందించిన మనిషి పేరును ఇబ్నుల్ బైతార్ రాయలేదు.