గమ్మునుండని రాత్రి

చంద్రగిరి కోటలోని రాజమహల్ ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం. సెలవులకి ఊరెళ్ళినప్పుడల్లా ఒకసారి లోపల తిరిగొస్తాను. విజయనగర ప్రభువుల చివరి రాజధానుల్లో మా ఊరొకటి కాబట్టి రాజుల పేర్లకేం లోటు లేదు. గుర్రాల జీన్లు, కపిల బానలు, డప్పులు చేసినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు. నేను రాసే కోడ్‌లో ఏ లైను ఎవరు మార్చారో లాగ్ చూస్తే తెలిసిపోతుంది. కోటకి అలాంటి లాగ్ లేదు.

శాసనం లేనివాళ్ళు తమ చరిత్రని ఎక్కడ వెతుక్కోవాలి? ఈ ప్రశ్నకి ఎవరూ ఊహించని జవాబొకటి గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర, కొత్తరెడ్డిపాలెంలో ఉంది. అక్కడ కొన్ని పదుల మాదిగ కుటుంబాలు తాము యూదులమంటాయి. ఇశ్రాయేలు గోత్రాల్లో కనుమరుగైన ఎఫ్రాయిము గోత్రం తమదని, తమ సమూహానికి బెనె ఎఫ్రాయిమ్ అని పేరు పెట్టుకున్నాయి. అంతకుముందు వీళ్ళలో చాలామంది క్రైస్తవులే. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో 1991లో అక్కడ సినగాగ్ వచ్చింది. శనివారం విశ్రాంతి దినం, హీబ్రూ ప్రార్థనలు, ఏటా పస్కా పండగ. ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం తెలుగే.

మొదటిసారి వీళ్ళ గురించి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఇజ్రాయెల్ వెళ్ళడానికి దారి వెతుక్కున్నారులే అని. నిజానికి ఎఫ్రాయిము వారసత్వానికి చరిత్రకారులు ఒప్పుకునే ఆధారం లేదు. మిజోరం, మణిపూర్‌లలోని బ్నెయ్ మెనషెలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు గుర్తించారు. వీళ్ళకి ఆ గుర్తింపు దక్కలేదు. ఇక ఇక్కడి సంగతి: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. కాగితం మీద యూదులమని రాసుకుంటే ఆ హోదా పోతుంది. అక్కడా రాక, ఇక్కడా పోయేదానికి ఎవరైనా ముప్పయ్యేళ్ళకు పైగా ఎందుకు అంటిపెట్టుకుంటారు?

యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ కలిసి 2013లో వీళ్ళ మీద ఓ పుస్తకం తెచ్చారు. దాని పేరులోనే కులం ఉంది, మతం ఉంది. ఆ రెండింటినీ కలిపి చూశాకే నాకు పస్కా కొంచెం అర్థమైంది.

ఐగుప్తులో ఫరోకి ఇటుకలు చేసిన బానిసలు బయటపడ్డ రాత్రి అది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చేశాక, గొర్రెపిల్లని బలివ్వడానికి గుడే లేకుండా పోయింది. పండగ ఆగలేదు, ఇంట్లో భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసింది. పులియని రొట్టె, చేదు ఆకులు, ఒక కథ. 1943 ఏప్రిల్ 19న వార్సా ఘెట్టోలో నాజీల మీద తిరుగుబాటు మొదలైంది. ఆ సాయంత్రమే పస్కా. మనం ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసుకునేది రాబోయే ఏడాది చేదుకి సిద్ధపడడానికి. వాళ్ళ చేదు ఆకులు గడిచిపోయిన బానిసత్వాన్ని మర్చిపోకుండా ఉండడానికి.

ఆ రాత్రి ఇంట్లో చిన్నపిల్లలు ప్రశ్నలడగాలి. ఇవాళ ఎందుకిలా తింటున్నాం అని. పెద్దవాళ్ళు జవాబు చెప్పి తీరాలి, అదీ ఎవరికో జరిగినట్టు కాకుండా తామే బయటపడి వచ్చినట్టు. పండగంతా ఆ చెప్పడంలోనే ఉంది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా ఇంటికి చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. మంచినీళ్ళడిగితే మా అవ్వ చెంబు పైకెత్తి ఆయన దోసిట్లో పోసేది. "ఎందుకవ్వా అంత పైనుంచి పోస్తావు?" అన్నాను. "గమ్మునుండ్రా" అంది. అంతే. ఆయన పేరు కూడా నేనడగలేదు. పస్కా కథలో నా చోటేదని వెతుక్కుంటే, ఇటుకలు మోసినవాళ్ళ వైపు కాదు, మోయించినవాళ్ళ వైపే తేలుతుంది.

కొత్తరెడ్డిపాలెం వాళ్ళ నెత్తుటిలో ఎఫ్రాయిము ఉన్నాడా లేడా అన్నది నాకిప్పుడు పెద్ద ప్రశ్న కాదు. ఊరు వాళ్ళకి చోటివ్వని చరిత్రలోంచి లేచి, బానిసలే కథానాయకులైన చరిత్రలోకి వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. పిల్లలు అడిగితే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఒక కథ ఉంది. మా అవ్వ దగ్గర లేకపోయింది.

ఈ ఉగాదికి ఊరెళ్ళినప్పుడు మా పాపకి ఆ చెంబు సంగతి చెప్పాను. "అవ్వ అట్లా ఎందుకు చేసింది?" అంది. తెలిసినంత చెప్పాను. చాలాసేపే పట్టింది. మధ్యలో మా అమ్మ లేచి లోపలికెళ్ళిపోయింది.