హిజ్లీ సీమ, ఒంటిగుండు తుపాకి, ఎలుగుబంటి

మేదినీపూరు ప్రాంతపు చరిత్రలో హిజ్లీ అనే పేరు తుపాకితో రెండు పర్యాయాలు ముడిపడినది. 1687లో జాబ్ చార్నాక్ ఈస్టిండియా కంపెనీ పరివారంతో సముద్రతీరపు హిజ్లీని ఆక్రమించగా మొగలు సేన ముట్టడించినది. ఆ ముట్టడిలో గుండుదెబ్బ కంటె జ్వరమే ఎక్కువ మందిని బలిగొన్నది. తరువాత 1931 సెప్టెంబరు 16వ తేదీన, ఖరగపురం చెంతనున్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అసువులు బాసినారు. రవీంద్రుడు ఆ దురంతాన్ని బహిరంగంగా గర్హించినాడు. 1951లో సాంకేతిక విద్యాసంస్థ వెలసినది ఆ శిబిర భవనంలోనే.

ఈ రెండు ఘట్టాల నడుమ గడచిన కాలం దాదాపు రెండున్నర శతాబ్దాలు. ఆ వ్యవధిలో, మూతినుండి మందు కూరే తుపాకి ప్రాభవాన్ని అనుభవించి, అస్తమించినది. ఆ తుపాకి శక్తిని యుద్ధభూమిలో వెదకడం చరిత్రకారులకు పరిపాటి. యుద్ధంలో ఒకని గుండు తప్పితే పక్కవాని గుండు తగులుతుంది. అడవిలో ఆ ఆసరా లేదు. కనుక దాని బలాబలాలు తేలినది అడవిలోనే.

హిజ్లీకి పడమట సాలవృక్షాలు, ఎర్రని మొరపనేల గల జంగల్ మహల్ ప్రాంతం ఉన్నది. 1805 నుండి 1833 వరకు అది ఆ పేరనే ఒక జిల్లాగా ఉండెను. ఆ వనాలకు, కొండలకు ఎలుగుబంటి పాత కాపురస్తురాలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై శ్రీకాకుళం, విశాఖ సీమలనుండి ఖరగపురం చేరిన తెలుగువారికీ ఆ జంతువు కొత్తది కాదు. వారి పుట్టినూళ్ల కొండల్లోనూ అదే ఎలుగు, అదే ఇప్పపూవు.

మన కావ్యాలలో వేటకు కొదవ లేదు. ధూర్జటి తిన్నడు విల్లు పట్టినవాడు. ప్రబంధాల మృగయావర్ణనలలో వలలు, ఈటెలు, జాగిలాలు కనిపిస్తాయి. తుపాకి మాత్రం కావ్యాలలో కంటె నిఘంటువులో ఎక్కువ స్థిరపడినది. గొట్టంలో మందు, గుండు దట్టించే కడ్డీ గజం. నిప్పంటించే వత్తి జామగి. చెవిరంధ్రం వద్ద పోసే మెత్తని మందు రంజకం. సూరేకారం ముప్పాతిక వంతు, తక్కినది బొగ్గు, గంధకం కలిపితే మందు సిద్ధమగును. వాన తగిలి రంజకం తడిసినదా, ఎంతటి శూరుని చేతనైనా అది ఇనుపకడ్డీయే.

ఈ లోపాన్ని సవరించినవాడు స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్. రంజకపు మెరుపుకు బెదరి పక్షులు ఎగిరిపోతున్నవని గమనించి, దెబ్బతో పేలే రసాయనాన్ని వాడే పద్ధతి కల్పించి 1807లో హక్కుపత్రం పొందినాడు. ఒక వేటగాని విసుగు, క్రమంగా ప్రపంచ సేనల ఆయుధాలనే మార్చివేసినది.

అదే ఇంటిపేరు గల మరొకడు, భారతదేశంలో కొలువు చేసిన కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్, 1860ల దశకంలో గుండు పనితనంపై ఒక గ్రంథమే వ్రాసినాడు. అతని వాదం సరళమైనది. సన్నని గుండు దూరం పోవచ్చును. కాని దగ్గరలో ఉన్న బలమైన జంతువును నిలువరించేది లావుపాటి గోళం, దాని వెనుక పుష్కలమైన మందు. గోళపు వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిదింతలు అగును. అయితే గాలిలో గోళం త్వరగా వేగం కోల్పోవును. మెత్తని సీసం గట్టి ఎముకకు తగిలి చదునై లోపలికి చొరదు. అందుకే కొందరు వేటగాళ్లు సీసంలో తగరమో పాదరసమో కలిపి గట్టిపరచేవారు.

ఎలుగుబంటి విషయంలో మరొక చిక్కున్నది. దట్టమైన బొచ్చు దాని అసలు ఆకారాన్ని కప్పివేస్తుంది. గురి బొచ్చుమీదనే నిలిచి, గుండు మర్మస్థానం తప్పుతుంది. రెండవ గుండు దట్టించడానికి తుపాకిపట్టిన వానికి అరనిమిషమైనా కావలెను. ఎలుగు మనిషికంటె వేగంగా పరుగెత్తును. అరనిమిషం దానికి చాలా ఎక్కువ. ఆ వ్యవధిలో వేటగాడు తానే వేట అయ్యేవాడు. వేటగ్రంథాలు ఎలుగును క్రూరమని తిట్టిపోసినవి గాని, గాయపడిన ప్రాణికి, ఖాళీ గొట్టానికి నడుమ జరిగిన పోరును క్రౌర్యమనడం న్యాయం కాదు.

మన నుడికారంలోని ‘భల్లూకపు పట్టు’ కూడ సగమే సత్యం. ఎలుగు కౌగిలించి చంపదు. గోళ్లతో, కోరలతో ముఖంపైన, తలపైన దాడి చేయును. సాధారణంగా అది మనిషిని వేటాడదు. పుట్ట తవ్వుతూనో, ఇప్పపూలు తింటూనో ఉండగా హఠాత్తుగా ఎదురైతే భయంతో మీదపడును. 

1878 ఆయుధ చట్టం తుపాకిని అనుమతిపత్రానికి కట్టివేసినది. 1972 వన్యప్రాణి చట్టంతో ఎలుగువేట నేరమైనది. కాని శ్రీకాకుళపు తోటల్లో ఎలుగు, మనిషి నేటికీ ఎదురుపడుతూనే ఉన్నారు. అక్కడ మనిషిని కాపాడేవి పాత జాగ్రత్తలే: చీకటివేళ ఒంటరిగా పోకుండుట, మాట్లాడుకొంటూ నడచుట, కనబడితే పరుగెత్తక మెల్లగా వెనుకకు తొలగుట, మీదపడితే బోర్లాపడి మెడను, ముఖాన్ని చేతులతో కాచుకొనుట. ఒంటిగుండు కాలంలో బ్రతికి బయటపడిన వేటగాడు నేర్చిన పాఠం కూడ ఇంచుమించు ఇదే: గుండుకంటె ముందు దూరాన్ని నమ్ముకోవలెను.