పాళీలో ‘ఇక’ ప్రత్యయం: అర్థాలు, ప్రయోగాలు

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని నిట్టూరు, ఉడేగోళం గ్రామాల వద్ద క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన అశోకుని లఘు శిలాశాసనాలున్నాయి. వాటి భాష పాళీకి సన్నిహితమైన ప్రాకృతం. ఈ కోవలోనిదే అయిన కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనంలో ‘రఠిక’ అనే పదం కనిపిస్తుంది. పాళీలో దీని రూపం ‘రట్ఠిక’. రట్ఠ అనగా దేశభాగం. దానిపై ‘ఇక’ చేరి ఈ పదం ఏర్పడింది.

నామవాచకంపై చేరి కొత్త పదాన్ని కల్పించే ఇట్టి ప్రత్యయాన్ని తద్ధితం అంటారు. కచ్చాయన వ్యాకరణం దీనిని ‘ణిక’ అని పేర్కొన్నది. ఇందలి ణకారం పదంలో వినిపించదు. తొలి అచ్చుకు వృద్ధి కలుగుతుందని తెలిపే గుర్తు మాత్రమే. సంస్కృతంలో ఐ, ఔలు వచ్చే చోట పాళీలో ఏ, ఓలు వస్తాయి. కనుక సంస్కృత ‘దౌవారిక’ పాళీలో ‘దోవారిక’ అయినది. సంయుక్తాక్షరానికి ముందున్న అచ్చు సాధారణంగా మారదు: ధమ్మ – ధమ్మిక. తెలుగువారు వాడే ‘ధార్మిక’ సంస్కృత రూపం.

ముఖ్యార్థాలు:

1. ప్రయాణ సాధనం: నావా – నావిక; సకట (బండి) – సాకటిక.
2. అధ్యయనం: సుత్తంత – సుత్తంతిక, అభిధమ్మ – ఆభిధమ్మిక.
3. నియోగం: ద్వార – దోవారిక (ద్వారపాలకుడు), భండాగార – భండాగారిక.
4. జీవనోపాధి: సకుణ (పక్షి) – సాకుణిక (పక్షులను పట్టి జీవించేవాడు).
5. కలయిక: తిల – తేలిక (నువ్వులు కలిపిన ఆహారం). తెలుగు ‘తేలిక’తో దీనికి సంబంధం లేదు.
6. సాధనం: కాయ – కాయిక (శరీరంతో చేసినది).

‘ఇక’తో ముగిసిన ప్రతి పదమూ తద్ధితం కాదు. ‘దారక’కు స్త్రీలింగం ‘దారికా’. తెలుగులోని బాలిక, నాయిక కూడా ఇట్టివే. నావిక, సైనిక పదాలతో వీటిని కలిపి విద్యార్థులు పొరబడరాదు.

ప్రత్యయం సంబంధం ఉన్నదని మాత్రమే తెలుపుతుంది. అది ఏ సంబంధమో సందర్భమే నిర్ణయిస్తుంది. ‘వేనయిక’ అనగా వినయపిటకం అభ్యసించినవాడు. అయితే అంగుత్తర నికాయంలోని వేరంజ సుత్తంలో ఒక బ్రాహ్మణుడు ఇదే పదాన్ని, అన్నింటినీ తొలగించేవాడన్న నిందగా బుద్ధునిపై ప్రయోగించాడు. రాగద్వేషమోహాలను తొలగించుటకే ధర్మం బోధిస్తున్నందున ఆ అర్థంలో తనను అట్లు అనవచ్చునని బుద్ధుడు బదులిచ్చాడు. పదం మారలేదు, నింద తొలగినది.

‘రఠిక’ విషయమూ అంతే. ఆ పదానికి దేశవాసి అనీ, ప్రాంతీయాధికారి అనీ రెండర్థాలు పొసగుతాయి. ఎర్రగుడి శాసనం జనపద ప్రజలను, రఠికులను వేర్వేరుగా పేర్కొన్నందున అక్కడ అధికారి అనే అర్థమే సరిపోతుంది.