హాస్టలు లేని చోటికే

బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు 1929 నుంచే విడిగా కాలేజీ ఉంది. స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి మెట్రిక్, ఇంటర్ బెనారస్ పరీక్షలే రాసి నెగ్గారు. ఇక బి.ఏ. ఆమెకు కావలసింది రాజనీతి శాస్త్రం.

అడిగారు. వైస్ ఛాన్సలర్ మదన్ మోహన్ మాలవీయ ఒప్పుకోలేదు. ఆ సబ్జెక్టు ఆడపిల్లలకు తగదన్నది ఆ పెద్దాయన అభిప్రాయం. మరేదైనా తీసుకుని ఉంటే అక్కడే చదువు సాగిపోయేది. కానీ ఆమె ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన మనిషి. మదురై జైల్లో ఒంటరి కొట్టులో గడిపారు. చదువు లేక, తమ తరఫున మాట్లాడే దిక్కు లేక మగ్గుతున్న ఆడఖైదీలను కళ్లారా చూశారు. రాజ్యం ఎలా నడుస్తుందో, చట్టం ఎవరి పక్షాన నిలుస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడ గట్టిపడింది.

ఆ రోజుల్లో గుంటూరులోనో ఒంగోలులోనో హైస్కూలు గట్టెక్కిన పిల్లను ఆడవాళ్ల కాలేజీలో చేర్చాలంటే మద్రాసు రైలెక్కించాల్సిందే. 1914లో వెలిసిన సర్కారు వారి క్వీన్ మేరీస్ ఒకటి, మరుసటేడు మిషనరీలు పెట్టిన విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ ఇంకొకటి.

దుర్గాబాయి మాత్రం వాల్తేరు వైపు చూశారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఆమె కోరిన ఆనర్సు ఉంది. ఆడపిల్లలకు హాస్టలు మాత్రం లేదు. వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారి అభ్యంతరమూ అదే.

రెండు చోట్లా కాదనే అన్నారు. ఆ రెండు కాదులూ ఒకటి కావు. బెనారస్‌లో చదువుకే అడ్డుగోడ. వాల్తేరులో కరువైంది తలదాచుకునే చోటు. దాన్ని మనమే సంపాదించుకోవచ్చు. పై చదువులు చదవాలని ఉన్న ఆడపిల్లలు తనకు రాయాలంటూ ఆమె పత్రికల్లో ప్రకటన వేయించారు. పదిమంది దాకా పోగయ్యారు. అందరూ కలిసి తామే ఒక హాస్టలు మొదలుపెట్టుకున్నారు! ఎనిమిదేళ్లప్పుడు చేసిన పెళ్లిని కాదనుకుని, జైలు చూసి, పాతికేళ్లు దాటాక డిగ్రీకి వచ్చిన స్త్రీ తనతో పాటు మరికొందరికీ చోటు చేసిపెట్టారు. ఈ ఒక్క పనికే ఆమెకు చేతులెత్తి మొక్కాలి.

ఇవాళ వెల్స్లీ, స్మిత్, బ్రిన్ మార్, మౌంట్ హోలియోక్ లాంటి అమెరికా ఆడపిల్లల కాలేజీల్లో రెండిటి మధ్య ఊగిసలాడే పిల్ల మన పత్తి, మిరప పల్లెల్లో ఉంటే ఈ గాథ ఆమెకు చెప్పండి. ‘ఎర్లీ డెసిషన్’ మొదటి విడతలో అయితే ఒక్క కాలేజీకే, నవంబరులోనే, సీటొస్తే చేరతానని మాటిచ్చి దరఖాస్తు పెట్టాలి. అప్పటికి చేలో పత్తి తీతలు నడుస్తుంటాయి, మిరప ఇంకా పూతా కాయా మీదే ఉంటుంది. డిసెంబరులో జవాబొస్తుంది. యార్డులో మిర్చి ధర ఎలా ఉందో తేలేది ఆ తర్వాత ఎప్పటికో. మరో కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయంతో పోల్చి చూసుకునే వీలుండదు. ఇచ్చిన సాయం నిజంగా చాలకపోతే మాట వెనక్కి తీసుకోవచ్చు. అయినా ఖర్చుల అంచనా ముందే వేయించుకోవడం మేలు. గదుల ఫొటోలు తర్వాత చూడొచ్చు. తను కోరిన సబ్జెక్టులో ఏయే కోర్సులున్నాయో, చెప్పేవాళ్లెవరో ముందు చూసుకోవాలి. కొన్ని లోట్లకు విరుగుడు ఉంది. వెల్స్లీ పిల్లలు ఎంఐటీలో, స్మిత్, మౌంట్ హోలియోక్ పిల్లలు ఇరుగుపొరుగు కాలేజీల్లో క్లాసులకు వెళ్లొచ్చు.

1939లో దుర్గాబాయి బి.ఏ. ఆనర్సు పూర్తి చేశారు. లండన్ వెళ్లి చదవాలన్న ఆలోచన యుద్ధంతో ఆగిపోయింది. మద్రాసులో లా చదివి 1942లో పట్టా పుచ్చుకున్నారు. గుంటూరులో ప్రభుత్వ మహిళా కళాశాల తెరిచిందీ ఆ ఏడాదే. 1946లో ఆమె రాజ్యాంగ సభకు వెళ్లారు. 1958లో స్త్రీ విద్యపై జాతీయ కమిటీ వేసినప్పుడు దాని అధ్యక్షురాలు ఆమే.