కూలి మొర

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా మోకరించి ప్రార్థన ఎత్తుకుందంటే నోట్లోంచి బైబిలు మాటలే వచ్చేయి. చదువు రాని మనిషికి ఇన్ని వాక్యాలు ఎట్టా వచ్చినయ్యా అని చిన్నప్పుడు నాకు ఆశ్చర్యం. దానికి జవాబు మా జిల్లా చరిత్రలో దొరికింది.

క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకు ముందే సత్యం కోసం యోగుల వెంట తిరిగిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగపల్లెలకు వాక్యాన్ని మోసుకుపోయింది ఎక్కువగా పేరయ్య లాంటి మనవాళ్లే. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు పని చూపించాడు. మత్తయి 11వ అధ్యాయంలో బరువులు మోసి అలిసిన వాళ్లను యేసు తన దగ్గరికి పిలిచే మాట ఉంది. కాలువగట్టున బోధకులు ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లు. నెత్తిన మట్టితట్ట ఉన్నోళ్లకు దాని అర్థం విప్పి చెప్పాల్సిన పని లేదు. కరువు సాయం సాగినన్నాళ్లు ఆపేసిన బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాక, 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. వాళ్లలో చాలామందికి చదువు లేదు. చదువు దక్కనీయని కులానికి వాక్యం చెవిగుండా వచ్చింది. కంఠతా పట్టిందే ప్రార్థన అయింది. మా నాయనమ్మ ఆ చెవుల వారసురాలు.

ఒక ఏడు కోతలయ్యాక ఆసామి మా వాళ్ల కూలి గింజలు కొలవలేదు. ఆ రాత్రి మా ఇంట్లో కూటం. పాస్టరుగారు రోమా పత్రిక 13వ అధ్యాయం ఎత్తి, పైవాళ్లకు లోబడే ఓర్పు ఇమ్మని ప్రార్థన చేశాడు. ఆమేన్ అనేదాకా నాయనమ్మ ఆగింది. తర్వాత నాతో, "ఒరే అబ్బాయా, యాకోబు రాసింది తియ్యి. అయిదో అధ్యాయం" అంది. కిరసనాయిలు బుడ్డి దగ్గర నేను చదివాను. ఆమె కళ్లు మూసుకుంది.

"నాయనా, కోసినోళ్ల కూలి బిగబడితే ఆ కూలే నీకు మొరపెడద్దని రాయించింది నువ్వే గదా. నే కోసిన చేలో గింజలు ఇంకా నా ఇంటికి రాలా. ఆ మొర నీకు వినపడతందా? వినపడితే రేపు కళ్లంలో మా పక్కన నిలబడు."

తెల్లారి పదిమంది ఆడోళ్లు కళ్లం ముందు కూచున్నారు. పొద్దుగూకేలోపు గింజలు కొలిచారు. మొత్తం కాదు, సగమే. మిగతా సగం కోసం నాయనమ్మ ఆ ఆదివారం కూడా అదే వాక్యం పట్టుకుని ప్రార్థన చేసింది.

రెండు వాక్యాలూ ఒకే పుస్తకంలోవే. ఏ పేజీ తియ్యాలో ఎవరు చెబుతారన్నదే లెక్క. కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొరలూ, దేవుణ్ణి నిలదీసే అడుగులూ. మాకు మాత్రం గుళ్లో స్తుతులే ఎక్కువ నేర్పారు.

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రధానంగా హిందువుల్లోని అంటరానివాళ్లనే షెడ్యూల్డు కులాలుగా లెక్కించింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులు నేటికీ బయటే. మా పల్లె మారలేదు, కులం పోలేదు, కాగితం మీద హక్కు మాత్రం పోయింది. దీని మీద అర్జీ రాయడానికి కూచున్నప్పుడల్లా నాకు ఆ బుడ్డి వెలుతురు గుర్తొస్తది. ఇచ్చిన మాట చూపించి అడగడం నాకు నేర్పింది నాయనమ్మ ప్రార్థనే.