చీరాల శిబిరంలో మానిన గాయం, మానని గాయం



కారంచేడు గురించి రాసినప్పుడల్లా మనం చనిపోయినవాళ్ల లెక్కతో మొదలుపెడతాం. 1985 జూలై 17న మాదిగపల్లె మీద కమ్మ భూస్వాముల దాడి. ఆరుగురు హతం. ఆడవాళ్ల మీద అత్యాచారాలు. ఇదంతా మీకు తెలుసు. ఈ భాగంలో బతికి బయటపడ్డవాళ్ల గురించి మాట్లాడుకుందాం.

కళ్లముందే అయినవాళ్లను నరుకుతుంటే చూసిన మనిషికి ఆ రాత్రి కన్ను మూతపడేది ఎక్కడ? కారంచేడు జనం చీరాల చేరారు. చర్చి ఆవరణలో శిబిరం వెలిసింది. చంపినవాళ్ల మధ్యకు తిరిగి వెళ్లం అన్నారు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టించుకున్నారు. ఆ పోరాటంలోంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి వాళ్లు ముందుండి దళిత మహాసభను నిలబెట్టారు.

1992లో జూడిత్ హెర్మన్ అనే అమెరికా మానసిక వైద్యురాలు ఒక పుస్తకం రాసింది. హింసకు గురైన మనిషి కోలుకోవడానికి మూడు కావాలంది: ముందు భద్రత, తర్వాత జరిగింది చెప్పుకుని ఏడవడం, ఆ తర్వాత మళ్లీ నలుగురిలో కలవడం. ఈ మూడూ అంతకు ఏడేళ్ల ముందే చీరాల శిబిరంలో ఉన్నాయి. మనం దాన్ని ఉద్యమం అన్నాం. అది వైద్యం కూడా.

అయితే ఒక వెలితి ఉంది. పత్తి తీసే, మిరపకాయ కోసే మన పల్లెల్లో దడుపు, బెంగ, దిగులు అనే మాటలున్నాయి. నేను చదివిన కారంచేడు సాహిత్యంలో కన్నీళ్లూ కోపమూ నిండుగా ఉన్నాయి. నెలల తరబడి నిద్రపట్టని మనిషికి డాక్టరు కావాలన్న మాట మాత్రం నాకు కనపడలేదు. అదే ఏడాది నవంబరు 29న ఐక్యరాజ్యసమితి నేర బాధితుల హక్కుల ప్రకటన చేసింది. మానసిక క్షోభ కూడా గాయమేనని, దానికీ సాయం అందాలని అందులో రాసింది. మన అట్రాసిటీ చట్టానికి 2015లో వచ్చిన సవరణ బాధితుల పునరావాసాన్ని సామాజిక, ఆర్థిక పునరావాసంగానే చెప్పింది.

ఈలోపు కోర్టులు సాగాయి. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. అంటే 23 ఏళ్లు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపితే, 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. సాక్షి బోనెక్కిన ప్రతిసారీ ఆ రోజును మళ్లీ బతకాలి.

“కులం పెట్టిన బాధకి మాత్రేం చేస్తది సార్?” అని పిల్లలు అడుగుతుంటారు. మాత్ర కులాన్ని చంపదు, నిజమే. కానీ డాక్టరు చూసి ఇచ్చిన మందుతో నిద్రపట్టినవాడు రేపు సాక్ష్యం చెప్పగలడు, పరీక్ష రాయగలడు. వైద్యం చేయించుకుంటే కులం నేరం మాఫీ అయిపోదు. తప్పు మన మనసులో ఉందని ఒప్పుకున్నట్టూ కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వైద్యాన్ని హక్కు చేసింది. కులం పేరుతో వివక్ష చూపకూడదని అందులో స్పష్టంగా ఉంది. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ హాస్టల్లో ఎవరైనా తిండి మానేసి, తలుపేసుకుని ఉంటే ఆ పిల్లవాడిని ఒంటరిగా పంపకండి. పక్కన ఇద్దరు వెళ్లండి. ఓపీ చీటీ మీరే రాయించండి, బయట బెంచీ మీద కూర్చోండి. చీరాల శిబిరంలో మనవాళ్లు చేసింది అదే.